ఇంట్లో మసాలా చాయ్ – 3వ పాఠం: అల్లం ముందు, యాలకులు చివర

కిందటి పాఠంలో టీ పొడి సంగతి చూశాం. గుళికల్లా ఉండే సీటీసీ పొడే తీసుకోమన్నాను, పాలు పోశాక కూడా రంగూ రుచీ నిలిచేది దానితోనే కాబట్టి. ఈసారి మసాలా. దినుసులన్నీ మీ పోపులపెట్టెలో ఉన్నవే. ఏది ఎప్పుడు గిన్నెలో పడాలో తెలిస్తే చాలు.

ఇద్దరికి అంగుళం అల్లం ముక్క సరిపోతుంది. మట్టి పోయేలా కడిగి, చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా నూరితే ఎంత వడకట్టినా గ్లాసు అడుగున నలక చేరుతుంది. ఒకటింపావు కప్పు నీళ్ళలో ఈ అల్లం, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క, నాలుగు మిరియాలు వేయండి. నీళ్ళు తెర్లాక మంట తగ్గించి నాలుగైదు నిమిషాలు మరగనివ్వండి. ఇక్కడ తొందరపడకండి.

అల్లం టీలో పాలు విరిగితే అందరూ పాలవాణ్నే తిడతారు. చాలాసార్లు తప్పు పాలది కాదు. పచ్చి అల్లంలో జింజిబెయిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోని మాంసకృత్తుల్ని విడగొట్టి పాలను గడ్డ కట్టిస్తుంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో అల్లం రసం మీద వేడి పాలు పోసి, జున్నులా తోడుకున్నాక చెంచాతో తింటారు. అక్కడ కావాలని చేసే పనే మన గిన్నెలో వద్దన్నా జరుగుతోంది. నీళ్ళలో బాగా మరిగితే ఆ ఎంజైమ్ పనిచేయదు. అందుకే అల్లం మరిగాకే పాలు పోయాలి. దించేముందు పచ్చి అల్లం తురిమి వేసే అలవాటు ఉంటే మానుకోండి.

ఇప్పుడు రెండు చెంచాల టీ పొడి, మీకు సరిపడా పంచదార వేసి రెండు నిమిషాలు ఉంచండి. అంతకు మించితే వగరెక్కుతుంది. తర్వాత కప్పు చిక్కటి పాలు పోయండి, కాచినవైతే మంచిది. మొదటి పొంగుకే దించేస్తే నీళ్ళూ పాలూ విడివిడిగా తెలుస్తాయి. పొంగు పైకి రాగానే మంట తగ్గించండి, అణిగాక మళ్ళీ పెంచండి. ఇలా రెండు మూడు పొంగులు వచ్చేసరికి తెల్లదనం పోయి ఇటుకరంగు తిరుగుతుంది. గిన్నె అంచు చుట్టూ ఆ రంగు ముందు కనిపిస్తుంది, అక్కడే చూడండి.

యాలకులు ఇప్పుడు వేయాలి. రెండు కాయలు తొక్కతో సహా చితక్కొట్టి వేసి, నిమిషం ఆగి స్టవ్ కట్టేసి మూత పెట్టండి. వాటి వాసనంతా తేలిగ్గా ఆవిరైపోయే నూనెల్లో ఉంటుంది. మొదట్లోనే వేస్తే ఆ ఘుమఘుమ వంటింటికి దక్కుతుంది గానీ కప్పుకు కాదు. రెండు నిమిషాలయ్యాక వడకట్టుకోండి. సోంపు, అనాసపువ్వు వేసేవాళ్ళూ ఉన్నారు. అవి అల్లాన్ని మింగేస్తాయని నా అభిప్రాయం, నేర్చుకునే రోజుల్లో వాటి జోలికి పోకండి.

ఈ వారం అభ్యాసం: ఒకరోజు యాలకులు మొదట్లోనే వేసి, మర్నాడు చివర్లో వేసి తాగి చూడండి. మిగతా కొలతలేవీ మార్చకండి. వచ్చే పాఠంలో బెల్లం టీ చేద్దాం. దాంట్లోనూ పాలు విరుగుతాయి, కారణం మాత్రం వేరు.