నీటి చక్రం తిరుగుతోంది, కరెంటు మాత్రం రావట్లేదు

ముందు ఒక లెక్క. సెకనుకు 10 లీటర్ల నీరు 2 మీటర్ల ఎత్తు నుంచి పడితే అందులో ఉండేది దాదాపు 196 వాట్లు. చక్రం, బెల్టు, జనరేటర్ తినేది పోగా 80, 90 వాట్లు వస్తే బాగా వచ్చినట్టే. రోజంతా ఆడితే రెండు యూనిట్లు. ఇంతకు మించి ఆశిస్తే ఏ రిపేరూ పనికిరాదు.

బ్యాటరీ ఛార్జ్ కావట్లేదు

నూటికి తొంభై పాళ్లు స్పీడు సమస్యే. 2 మీటర్ల చక్రం, నీరు పైనుంచి పడేదైతే, నిమిషానికి 10-15 చుట్లకు మించి తిరగదు. పాత కారు ఆల్టర్నేటర్‌కు వెయ్యికి పైగా కావాలి, పైగా దాని ఫీల్డ్ కాయిల్ (లోపల అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) మన బ్యాటరీ నుంచే కరెంటు లాగుతుంది. పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరుకుతుంది గానీ, నన్నడిగితే వద్దు. తక్కువ స్పీడుకు పనిచేసే పర్మనెంట్ మాగ్నెట్ (శాశ్వత అయస్కాంతాల) జనరేటర్ తీసుకోండి. రెండు దశల్లో ఐదేసి రెట్లు పెరిగేలా పుల్లీలు పెడితే 12 చుట్లు 300 అవుతాయి. లోడ్ తీసేసి మల్టీమీటర్‌తో చూడండి: 12 వోల్టుల బ్యాటరీకి కనీసం 14 చూపించాలి.

లోడ్ వేయగానే నీరసపడుతోంది

చక్రం అదే వేగంతో తిరుగుతూ జనరేటర్ ఒక్కటే నెమ్మదిస్తే బెల్టు జారుతోంది, బిగించండి. రెండూ నెమ్మదిస్తే నీరు చాలట్లేదు, లోడ్ తగ్గించాలి. వానాకాలంలో ఇంకో తిరకాసు ఉంది. గెడ్డ నిండుగా పారుతున్నా కరెంటు తగ్గుతుంది. కింద నీటిమట్టం పెరిగి చక్రం అడుగు మునుగుతుంది, పైకి లేచే డబ్బాలు నీళ్లను ఈడుస్తుంటాయి. దిగువ కాలువ పూడిక తీసి, చక్రానికీ నీటికీ మధ్య జానెడు ఖాళీ ఉంచండి.

చక్రం దగ్గర 18 వోల్టులు, ఇంట్లో 12.5

మిగతాది వైరు మింగేసింది. 50 మీటర్ల దూరం, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 8 ఆంపియర్లు అయితే రానూపోనూ ఐదున్నర వోల్టులు పోతాయి. 48 వోల్టులకు మారితే 2 ఆంపియర్లే పారతాయి, నష్టం ఒకటిన్నర వోల్టులోపే.

బ్యాటరీ నిండగానే చక్రం రెచ్చిపోతోంది

సోలార్ కంట్రోలర్ వాడుతున్నారా? బ్యాటరీ నిండితే అది లైన్ కట్ చేస్తుంది. ప్యానెల్‌కు ఏమీ కాదు. చక్రానికి మాత్రం పగ్గం తెగినట్టే, వోల్టేజీ ఎగబాకి కంట్రోలర్ కాలిపోతుంది. మిగులు కరెంటును హీటర్ కాయిల్‌కు మళ్లించే డంప్ లోడ్ కంట్రోలర్ పెట్టండి.

కీచుమంటోంది

బేరింగ్‌లోకి నీళ్లు దిగాయి. గ్రీజు మార్చి, పైన రబ్బరు రేకు కప్పండి.