కువైట్‌లో మొదటి నెల: కూడు, ఫోను, తలదాచుకునే చోటు

సిద్ధవటం, బద్వేలు, ఒంటిమిట్ట వైపు నుంచి కువైట్‌కు కొత్తగా వచ్చిన అక్కచెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఇది రాస్తున్నా. పన్నెండేండ్లు అక్కడ ఇండ్లలో పని చేసి కడపకు తిరిగొచ్చినదాన్ని. సాయం యాడ దొరుకుతుందో ఫోనులో చార్జింగు, చేతిలో రెండు దినార్లు ఉండగానే తెలుసుకోండి.

ముందు ఫోను. నాతో పనిచేసిన ఒకక్క ఫోను బాత్రూం బకెట్లో పడి పాడైంది. మొగుని నంబరు తప్ప ఇంకోటి నోటికి రాదు, అది కూడా ఆయన ఆ నెలే మార్చినాడు. పద్దెనిమిది దినాలు ఆమె ఉందో లేదో ఇంట్లో వాళ్లకు తెలీలేదు. అది చూసినాక నేను ఊరగాయ డబ్బా అడుగున బాల్‌పెన్నుతో నాలుగు నంబర్లు రాసి, పైన టేపు వేసుకున్నా: ఇల్లు, ఎంబసీ, ఊరి మనిషి ఒకరు, పోలీసులకూ అంబులెన్సుకూ పనికొచ్చే 112.

జైన్, ఊరెడూ, ఎస్‌టీసీ సిమ్ములు దొరుకుతాయి. బతాకా, అంటే సివిల్ ఐడీ, చేతికొచ్చినాక సిమ్ము మీ పేరుతోనే తీసుకోండి. మీ పేరుమీది సిమ్ము ఎవరికీ ఇవ్వొద్దు, దాంతో వాళ్లు చేసిన తప్పు మీ మెడకు చుట్టుకుంటాది. మన దేశం సిమ్ము కూడా రీచార్జి చేయించి బతికించుకోండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. బ్యాలెన్సు అయిపోతే వైఫై ఉన్న చోట వాట్సాప్ కాల్ కలుస్తుంది. సందు చివర బకాలాలో, అంటే చిల్లర అంగట్లో, ఉండేది చాలాసార్లు మన దేశం పిల్లోడే, ఒక్క కాల్ చేసుకుంటానని అడగడానికి మొహమాటపడొద్దు.

ఇండ్లలో పనిచేసేవాళ్లకు తిండి, బట్టలు, మందులు, ఉండే చోటు యజమానే ఇయ్యాల. 2015 నాటి 68వ నంబరు చట్టంలోనే ఉంది. వారానికొక దినం సెలవు, పాసుపోర్టు మీ దగ్గరే ఉండడం కూడా అందులోవే. మిగిలిన ఖుబ్బూస్ (అక్కడి రొట్టె) ముక్క పెట్టి అదే ఎక్కువన్నట్టు మాట్లాడేవాళ్లుంటారు. అడిగితే అది అడుక్కోవడం కాదమ్మా, మీ హక్కు.

శుక్రవారం బయటికి పంపితే కువైట్ సిటీలో మాలియా అనే ఏరియాకు పోండి. మన సీమ మాట చెవిన పడుతుంది. సిటీలో ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగు ప్రార్థన కూటాలుంటాయి. రంజాన్ నెలలో మసీదుల దగ్గర ఇఫ్తార్ పెడతారు, ఏ మతమని అడగరు.

కొట్టినా, జీతం ఆపినా ఇల్లు వదలాల్సి వస్తే నేరుగా దయ్యా అనే ఏరియాలోని భారత ఎంబసీకే పోండి. బయట ఎక్కువ జీతం ఇప్పిస్తానని ఎవరో చెబితే వాళ్ల గదికి మాత్రం పోవద్దు. యజమాని పారిపోయిందని కేసు పెడితే ఆ మనిషి మీ పక్కన నిలబడడు. దిక్కులేనోళ్లకు తలదాచుకునే చోటు, తిండి, ఇంటికి టికెట్టు ఇప్పించేందుకు 2009 నుంచి ఎంబసీల దగ్గర సంక్షేమ నిధి ఉంది. అడగందే రాదు, జరిగింది జరిగినట్టు చెప్పి రాతపూర్వకంగా ఇయ్యండి.

మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే ఇంటివాళ్లు మన విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో (వెబ్‌సైటులో) ఫిర్యాదు పెట్టొచ్చు, ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం 1800 11 3090కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అప్పుడు వాళ్ల చేతిలో కాయితాలుండాల. అందుకే పాసుపోర్టు, వీసా, అగ్రిమెంటు జిరాక్సులు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు, ఫోను నంబరు, ఇల్లుండే ఏరియా, బ్లాకు, వీధి నంబర్లు రాసి ఇంట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టించండి. ఇల్లు మారితే ఆ రాత్రే కొత్త అడ్రసు పంపండి.