చియుఫన్ దాటితే బీజింగ్‌లో ఒళ్లు జాగ్రత్త

సెప్టెంబరులో మెడిసిన్ చదవడానికి బీజింగ్ వైపు వస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ నాలుగు మాటలు. ఇంటి దగ్గర ఇంకా వానలు, ఉక్కపోత. ఆ లెక్కలోనే పెట్టె సర్దుకుని వస్తారు. ఇక్కడ లెక్క వేరు.

సూర్యుడి నడకను బట్టి చైనావాళ్లు ఏడాదిని 24 భాగాలు చేశారు. శరత్తుకు సరిగ్గా నడుమన, సెప్టెంబరు 22న గానీ 23న గానీ వచ్చేది చియుఫన్. ఆ రోజు పగలూ రాత్రీ సమానం, మర్నాటి నుంచి రాత్రి పెరుగుతుంది. దానికి పదిహేను రోజుల ముందు బైలు, అంటే తెల్లమంచు. పదిహేను రోజుల తర్వాత హన్లు, చలిమంచు. బైలు వస్తే ఒళ్లు, హన్లు వస్తే పాదాలు బయటపెట్టొద్దని ఇక్కడి పెద్దవాళ్ల సామెత.

ఈ రోజుల్లో భయపడాల్సింది చలికి కాదు, మధ్యాహ్నం ఎండకు. పగలు 25 డిగ్రీలుంటే చొక్కా చాలనిపిస్తుంది. తెల్లారేసరికి 12, 13కి పడిపోతుంది, సైకిల్ సీటు మంచుకి తడిసి ఉంటుంది. మొదటి ఏడు నేను హాఫ్ చేతుల చొక్కాతో లైబ్రరీకి వెళ్లి రాత్రి పదింటికి సైకిల్ మీద తిరిగొచ్చాను. పది రోజులు దగ్గు వదల్లేదు. పల్చటి జాకెట్ ఒకటి ఎప్పుడూ బ్యాగులో ఉండాలి. మెడ, పొట్ట, పాదాలు కప్పుకుంటే సగం గొడవ తీరినట్టే.

గదిలో హీటర్ గొట్టాలు చూసి ధీమా పడకండి. బీజింగ్‌లో వాటిలోకి వేడినీళ్లు వదిలేది నవంబరు 15కి. అక్టోబరు నెలాఖరులో చెయ్యి పెడితే ఇనుము చల్లగా తగులుతుంది. గదిలో వణికించేవి ఆ రోజులే. మందపాటి బొంత ముందే కొనుక్కుని, ఎండున్నప్పుడే ఎండబెట్టుకోండి.

ఆస్తమా, తుమ్ముల బాధ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. ఆగస్టు చివర నుంచి సెప్టెంబరంతా ఇక్కడి గాలిలో పుప్పొడి ఎక్కువ. మనం వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రి ఉందే, ఆ జాతి మొక్కలదే చాలావరకు. బయట మాస్క్ పెట్టుకోండి, బట్టలు గదిలోనే ఆరేయండి. ఇన్‌హేలర్, డాక్టరు చీటీ ఇంటి దగ్గర నుంచే తెచ్చుకోండి. పిల్లికూతలు మొదలైతే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

గాలి బాగా పొడిగా ఉంటుంది, పెదాలు పగులుతాయి, ముక్కులోంచి రక్తం కూడా రావచ్చు. ఇక్కడివాళ్లు బేరిపండు ముక్కల్ని పటికబెల్లంతో ఉడికించి తాగుతారు. గొంతుకి హాయిగా ఉంటుంది, కానీ అది దగ్గుమందు కాదు.

ఇది పీతల కాలం కూడా. బతికున్న పీతని అప్పటికప్పుడు ఆవిరి మీద బాగా ఉడికిస్తేనే తినండి, చచ్చినది వద్దు. టమాటాలా కనిపించే పెర్సిమన్ పండ్లు పరగడుపున తినకండి, పొట్టలో ఉండకట్టే ప్రమాదం ఉంది.

అక్టోబరు 1 జాతీయ దినోత్సవం సెలవులకి అందరూ చైనా గోడ చూడ్డానికి కొండలెక్కుతారు. పైన గాలి ఊరికంటే చల్లన, చెమట పట్టిన ఒంటికి ఇట్టే తగులుతుంది. లోపల వేసుకోవడానికి పొడి బనియను ఒకటి అదనంగా పట్టుకెళ్లండి.