చీటీ తెచ్చారు, సరుకులేవి?

మాది గుంటూరులో మైక్‌సెట్ షాపు. అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురం వైపు ఫంక్షన్లు ఎక్కువ చేస్తుంటాం. ఆ మధ్య ఒక పెళ్ళికి పెళ్ళికూతురి తమ్ముడు పెన్‌డ్రైవ్ తెచ్చి చేతిలో పెట్టాడు. "అన్నా, అరవై పాటలు వరసగా పెట్టేశా, నొక్కటమే" అన్నాడు. తెరిచి చూస్తే ఒకే ఒక్క ఫైలు, సైజు 5 కేబీ. అంతలో అరవై పాటలు కాదు కదా, ఒక్క దగ్గు కూడా సరిగ్గా పట్టదు.

అతను తెచ్చింది ప్లేలిస్టు. అంటే కిరాణా కొట్టుకు రాసుకెళ్ళే చీటీ లాంటిది. పాటలేమో వాళ్ళింట్లో కంప్యూటర్లోనే ఉన్నాయి. చీటీని ఎసట్లో వేస్తే పప్పు ఉడుకుతుందా? నేను చెప్పేలోపే ఫైలు పేరు చివర ఎం3యు తీసేసి ఎంపీ3 అని మార్చి కూడా చూశాడు పాపం. డబ్బా మీద పేరు మారిస్తే లోపల సరుకు మారదు.

మీ దగ్గరున్న ప్లేలిస్టులో ఏముందో చూడాలంటే రైట్ క్లిక్ కొట్టి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎం3యు అయితే మామూలు అక్షరాలే. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరసలో పాట ఎన్ని సెకన్లో, పేరేంటో ఉంటుంది. దాని కింది వరసే ప్రాణం: పాట ఎక్కడుందో చెప్పే అడ్రసు. అక్కడ డి డ్రైవ్, ఫలానా ఫోల్డర్ అని మొదటినుంచీ రాసి ఉంటే అది ఆ ఒక్క కంప్యూటర్‌కే పనికొస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో డి డ్రైవే లేదు, ఏం వెతుకుతుంది? అడ్రసు బదులు ఇంటర్నెట్ లింకులుంటే ఇంకా కష్టం, హాల్లో నెట్ దొరకాలిగా. పీఎల్ఎస్, డబ్ల్యుపీఎల్, ఎక్స్ఎస్‌పీఎఫ్ అనేవీ చీటీలే, రాసే పద్ధతి వేరంతే.

దీనికి మందు తేలిక. పాటలన్నీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, చీటీని కూడా అందులోనే పెట్టండి. నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్ హెచ్ నొక్కి, డ్రైవ్, ఫోల్డర్ పేర్లున్న ముక్కను ఖాళీతో మార్చేయండి. పాట ఫైలు పేరొక్కటే మిగలాలి. ఇక ఆ ఫోల్డర్‌ను ఎక్కడికి తీసుకెళ్ళినా పాడుతుంది. ఫైళ్ళ పేర్లు తెలుగులో ఉంటే యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు కూడా పట్టే పద్ధతి) సేవ్ చేసి, చివర ఎం3యు8 అని పెట్టండి. లేకపోతే పేర్ల బదులు పిచ్చిగీతలొస్తాయి.

ఇప్పుడు ఫార్మాట్ సంగతి, అంటే పాట ఫైలు ఏ రకమో. మా పాత యూఎస్‌బీ ప్లేయర్‌కు ఎంపీ3 ఒక్కటే వచ్చు. ఒకళ్ళు ఫ్లాక్ తెస్తారు, ఐఫోన్ వాళ్ళు ఎం4ఏ తెస్తారు. ఒకటి రెండు పాటలైతే కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ చాలు: మీడియా మెనూలో కన్వర్ట్, సేవ్ అని ఉంటుంది, పాటను చేర్చి, ప్రొఫైల్‌లో ఆడియో ఎంపీ3 ఎంచుకోండి. అక్కడ ఆగకండి. పక్కనున్న పానా బొమ్మ నొక్కితే బిట్‌రేట్ (సెకను పాటకు ఎంత డేటా వాడాలో) కనిపిస్తుంది, 128 ఉంటే 320 చెయ్యండి. చిన్న స్పీకర్లో తేడా తెలియదు గానీ, 128 అయితే మా బాక్సుల్లో తాళాల చప్పుడు ఇసక రాలినట్టు వినిపిస్తుంది. అరవై పాటలకైతే నేను ఫ్రీఏసీ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. ఉచితమే, అన్నీ ఒక్కసారే మారుస్తుంది.

లెక్క కూడా చెప్తా. సీడీ నాణ్యత వేవ్ ఫైలు నిమిషానికి దాదాపు 10 ఎంబీ. 320లో ఎంపీ3 అయితే 2.4, 128లో అయితే ఒకటి లోపే; ఎంపీ3 కొంత శబ్దం తీసేసి చిన్నదవుతుంది మరి. ఇది చూసి కొందరు 128 ఎంపీ3ని వేవ్‌గా మార్చి "క్వాలిటీ పెంచా" అంటారు. కారం ఆడించాక, దాన్ని ఎంత పెద్ద డబ్బాలో పోసినా మళ్ళీ మిరపకాయ అవుద్దా? గుంటూరోళ్ళకు ఇది నేను చెప్పాలా! ఎంపీ3ని ఎం4ఏ చేసి, మళ్ళీ ఎంపీ3 చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది. ఫ్లాక్, వేవ్ మధ్య మాత్రం ఎటు మార్చినా ఏమీ పోదు. అందుకే అసలు ఫైలు దాచుకుని, ఎప్పుడూ దాన్నుంచే మార్చుకోండి.

64 జీబీ పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ అనే అమరికలో (ఫైళ్ళు సర్దే పద్ధతి) వస్తాయి, మా ప్లేయర్ వాటిని గుర్తే పట్టదు. 32 జీబీది ఫ్యాట్32 అనే పాత అమరికలో ఫార్మాట్ చేసి తెండి. పాటల పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేస్తే చీటీ చదవని ప్లేయర్‌లో కూడా వరస సర్దుకోవచ్చు.

ఆ రోజు? పెళ్ళికొడుకు ఊరేగింపు వచ్చేలోపు తమ్ముడు బండి మీద ఇంటికెళ్ళి పాటలు తెచ్చాడు, ఆ గంటా నా దగ్గరున్న అన్నమయ్య కీర్తనలతో నడిపించా. ఇంకొకటి, సన్నాయి మేళం పిలవని పెళ్ళిళ్ళలో గట్టిమేళం ముక్కను పాటల్లో కలపకండి, వేరే పెన్‌డ్రైవ్‌లో ఒక్కటే వేసి ఇవ్వండి. పంతులుగారు చెయ్యెత్తాక వెతుక్కునే టైం నాకుండదు.