నవల మధ్యలో ఆగిపోయినప్పుడు: కలం మళ్లీ కదలడానికి చేయవలసిన పనులు

నవల మొదలుపెట్టిన వారిలో చాలామంది మొదటి మూడు నాలుగు అధ్యాయాలు ఒక్క ఊపున రాసేస్తారు. ఆ తరువాత పని వారాల తరబడి నిలిచిపోతుంది. స్ఫూర్తి ఇంకిపోయిందనీ, అసలు తమకు రాసే యోగ్యతే లేదనీ అప్పుడు అనుకుంటారు. గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ రెండు నవలలు పూర్తి చేసిన అనుభవంతో చెబుతున్నాను: కలం ఆగిపోవడానికి బద్ధకం కంటే తెలియనితనమే పెద్ద కారణం. రాస్తున్న మనుషుల పని గురించి, వారి ఇంటి ఖర్చుల గురించి, వారి రాత్రుల గురించి మనకు తెలిసినది ఎక్కడ అయిపోతుందో కథ సరిగ్గా అక్కడే ఆగుతుంది.

నా మొదటి నవలలో ప్రధాన పాత్ర మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి కూలికి వెళ్లే ఒక చంటిబిడ్డ తల్లి. పదకొండో అధ్యాయంలో ఆమె సాయంత్రం పని ముగించుకుని ఇంటికి వస్తుంది. అక్కడి నుంచి ఒక్క వాక్యం కూడా ముందుకు సాగక ఏడు నెలలు గడిచాయి. తెల్లవారుజామున లేచాను, కొత్త నోటుపుస్తకం కొన్నాను, ఊరు మారి నాలుగు రోజులు ఉండి వచ్చాను, అయినా ఏమీ మారలేదు. చివరికి తెలిసినవారి ద్వారా ఆ పని చేసే ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లి, సాయంత్రం ఇంటికి రాగానే మొదట ఏం చేస్తారని అడిగాను. ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ల చివర్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పనికి వెళ్లే ముందు ఆముదం రాసుకుంటామనీ, రాత్రి మంట ఎక్కువైతే మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చుంటామనీ చెప్పి, “పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మోచేత్తోనే దగ్గరకు తీసుకునేదాన్ని. ఈ చేతులతో బిడ్డ మొహం ఎట్టా తుడుస్తామమ్మా?” అని అడిగింది. ఆ రాత్రి పదకొండో అధ్యాయం పూర్తయింది. ఏడు నెలలుగా నాకు లోపించినది ఆ మోచెయ్యి.

కాబట్టి రాత ఆగినప్పుడు చేయవలసిన మొదటి పని, ఆగిన వాక్యం దగ్గరే కూర్చుని, ఆ పాత్ర గురించి నాకు తెలియనివి ఏమిటని ఒక కాగితం మీద రాసుకోవడం. ప్రశ్నలు ఎంత చిన్నవైతే అంత మంచిది. “ఆమె మనసులో ఏముంది?” అన్నది పనికిరాని ప్రశ్న, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. ఆమె ఏ బస్సు ఎక్కుతుంది, కూలి డబ్బు ఎవరి చేతిలో పెడుతుంది, ఇంట్లో మొదట ఎవరు తింటారు అన్నవి అడగదగిన ప్రశ్నలు. పది ప్రశ్నలు రాసుకుంటే వాటిలో కనీసం మూడింటికి బయటకు వెళ్లి మనిషిని అడిగితే తప్ప జవాబు దొరకదు. ఆ మూడింటి కోసం తప్పకుండా వెళ్లాలి.

వెళ్లేటప్పుడు కాలం చూసుకుని వెళ్లాలి. మిర్చి యార్డు గురించి రాసేవారు సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉదయం పూటే వెళ్లాలి. గేటు దాటగానే ఘాటుకు దగ్గు, తుమ్ములు వస్తాయి గనుక ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. అక్కడి వారు తువ్వాలు ఎలా చుట్టుకుంటారో అప్పుడే అర్థమవుతుంది. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి కాయను విరిచి, తేమ ఎంత ఉందో, రంగు ఎలా ఉందో, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో చూస్తున్న కొనుగోలుదారు మొహాన్ని రైతు ఎలా గమనిస్తుంటాడో కాసేపు నిలబడి చూడండి. ఒక ఏడాది అప్పు తీరుతుందో లేదో ఆ కొద్ది క్షణాలలోనే తేలుతుంది. అక్కడ నిలబడి రాసుకోవద్దు. చేతిలో పుస్తకం కనిపిస్తే మనుషులు మాట తీరు మార్చేస్తారు. ఇంటికి వచ్చాక గంటలోపు గుర్తున్నదంతా రాసుకోవాలి, ఎందుకంటే మరునాటికి మాటల్లోని యాస పోయి సారాంశం మాత్రమే మిగులుతుంది.

సంభాషణలు చప్పగా వస్తున్నాయనిపిస్తే గుంటూరు నుంచి విజయవాడకు ప్యాసింజరు రైలు ఎక్కండి. నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ మీదుగా వెళ్లే ఆ కొద్దిపాటి ప్రయాణంలో ఉద్యోగులు, విద్యార్థులు, ఆసుపత్రికి వెళ్లేవారు, గుడికి వెళ్లేవారు ఒకే పెట్టెలో కూర్చుంటారు. మనుషులు ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పరనీ, అడిగినది ఒకటైతే చెప్పేది మరొకటనీ, ఆ తేడాలోనే కథ ఉంటుందనీ రెండు ప్రయాణాల్లో తెలిసిపోతుంది.

ఇంకా ఇతివృత్తమే దొరకని వారికి ఒక మాట. పెద్ద విషయం కోసం వెతకకుండా, పెద్ద సంఘటనలో నుంచి ఒక చిన్న ప్రశ్న తీసుకోండి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. “వరద మీద నవల” అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. నీళ్లు గుమ్మంలోకి వచ్చినప్పుడు మేడ మీదికి మొదట చేర్చిన వస్తువు ఏది, దాన్ని మోసినది ఎవరు, వదిలేసిన వస్తువు గురించి ఇంట్లో ఇప్పటికీ ఎవరు మాట్లాడరు అని అడిగితే ఒక కుటుంబం కళ్ల ముందుకు వస్తుంది.

మనుషులు తెలిసి ఉంటేనే కథ నడుస్తుందనడానికి మన ప్రాంతపు నవలా చరిత్రలోనే గొప్ప నిదర్శనం ఉంది. గుంటూరులో న్యాయవాదిగా ఉన్న ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ‘మాలపల్లి’ని జైలులో ఉండగా రాశారు, అది 1922లో అచ్చయింది. జైలు గదిలో ఏకాంతం దొరకడం వల్లనే అంత నవల వచ్చిందని కొందరు అనుకోవచ్చు గానీ, నేను అలా చూడను. వితంతు వివాహాల కోసం, అస్పృశ్యతా నివారణ కోసం ఆయన అప్పటికే ఏళ్ల తరబడి జనం మధ్య పనిచేసి ఉన్నారు. రాయడానికి కూర్చునే నాటికి ఆ మనుషులందరూ ఆయనకు తెలిసినవారే.

ఇక రోజువారీ పని. రోజుకు 300 పదాలు, వారానికి ఐదు రోజులు రాస్తే 40 వారాలకు 60,000 పదాలవుతాయి. ఒక నవలకు అది చాలు. 300 పదాలంటే ఒక అరఠావుకు ఇటూ అటూ కలిపి రెండు పేజీలకు మించదు. సెలవు రోజున మూడు వేలు రాసి, మిగతా రోజుల్లో ఏమీ రాయకపోవడం కంటే ఇదే మేలని గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే రోజూ ముట్టుకునే నవల వంట చేస్తున్నప్పుడూ బస్సు కోసం నిలబడినప్పుడూ కూడా మనసులో నడుస్తూనే ఉంటుంది. మే నెలలో మన ఎండలకు మధ్యాహ్నం బుర్ర పనిచేయదు గనుక ఆ నెలంతా ఉదయం ఆరు లోపే రాసుకోవాలి.

ప్రతిరోజూ రాత ముగించే పద్ధతి ఒకటి మా అమ్మ వంటింట్లో నేర్చుకున్నాను. ఎంత మంది చుట్టాలు వచ్చినా ఆమె పెరుగు గిన్నె పూర్తిగా ఊడ్చి వడ్డించదు; రేపటి పాలకు తోడు కోసం ఒక చెంచాడు పక్కన పెడుతుంది. నవలకూ అలాగే తోడు మిగుల్చుకోవాలి. తరువాత ఏం జరగాలో స్పష్టంగా తెలిసి, చెయ్యి ఇంకా రాయాలని ఆరాటపడుతున్నప్పుడే ఆపాలి. ఆ తరువాతి వాక్యంలో సగం రాసి వదిలేస్తే, మర్నాడు ఉదయం మిగతా సగం పూర్తి చేయడంతోనే పని మొదలవుతుంది. ఉన్నదంతా రాసేసి లేచిన రోజు తృప్తిగా ఉంటుంది గానీ, మరునాడు ఖాళీ కాగితం ముందు కూర్చోవలసి వస్తుంది.

ఎదురుచూసే మనిషి ఒకరైనా ఉండాలి. వారపత్రికల్లో ధారావాహికలు రాసిన తరం రచయితలను వారం వారం రాయించినది, వచ్చే సంచిక కోసం కాచుకుని ఉన్న పాఠకులే. ఆ ఏర్పాటు ఇప్పుడు మనమే చేసుకోవాలి. విమర్శకుల వంటివారిని మొదట్లో దూరంగా ఉంచి, కథలంటే ఇష్టపడే ఒక పిన్నిగారికో పాత సహోద్యోగికో ప్రతి ఆదివారం ఒక అధ్యాయం పంపండి. “బాగుందా?” అని అడగవద్దు. “తరువాత ఏమవుతుందనుకుంటున్నారు?” అని మాత్రమే అడగండి. వారి ఊహ మీ కథ కంటే బాగుంటే ఎక్కడ సరిచేయాలో తెలుస్తుంది.

చదవడం మానకూడదు. విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో ఒక పూట గడిపితే చాలు. అయితే మీ నవలను పోలిన నవలలు ఆ కాలంలో చదవకండి. పాత పత్రికలు, ప్రయాణ కథలు, స్వీయచరిత్రలు చదవండి.

మొదటి ప్రతి పూర్తయ్యాక, ఎవరి జీవితం రాశారో వారికి ఆ ఘట్టం చదివి వినిపించండి. నేను ఆ పెద్దావిడ ఇంటికి మళ్లీ వెళ్లి పదకొండో అధ్యాయం చదివాను. మజ్జిగ గిన్నె దగ్గర ఆమె తల ఊపింది. “తొడిమలు తీస్తూ” అన్న చోట మాత్రం ఆపి, “మేం ముచ్చికలు అంటామమ్మా” అంది. ఆ రాత్రే కూర్చుని నవలంతా వెతికి, పద్నాలుగు చోట్ల ఆ మాట మార్చాను.