చిన్న విమానం ముందు అద్దం మీద గీతలు పోవాలంటే

సెస్నా 172 లాంటి చిన్న విమానాల ముందు అద్దం నిజానికి గాజు కాదు, యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్. ఇట్టే గీతలు పడతాయి. ఓపిక ఉంటే చాలావరకు పోగొట్టొచ్చు కూడా. ముందు ఉంగరం, వాచీ తీసేసి, ధారాళంగా నీళ్లు పోస్తూ ఒట్టి చేత్తో దుమ్ము కడగండి. ఇసుక రేణువు ఉంటే వేలికి వెంటనే తెలుస్తుంది, గుడ్డతో తుడిస్తే తెలియదు.

ఇప్పుడు గీతకు అడ్డంగా గోరు పోనివ్వండి. గోరుకు తగలకపోతే ప్లాస్టిక్ పాలిష్ చాలు. తగిలితే మైక్రోమెష్ కిట్ (రుద్దడానికి వాడే సన్నని గరుకు షీట్ల సెట్) తీయాల్సిందే. అందులో షీట్లు 1500 నుంచి 12000 నంబరు దాకా ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. తడి చేసి, తిన్నగా ఒకే దిశలో రుద్దండి, గుండ్రంగా వద్దు. తర్వాతి నంబరుతో దానికి అడ్డ దిశలో రుద్దితే, ముందటి షీటు గీతలు పూర్తిగా పోయాయో లేదో స్పష్టంగా కనిపిస్తుంది. అవి పోకుండా తొందరపడి ముందుకెళ్తే మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది.

గీత ఉన్నచోటే అరగదీస్తే అక్కడ గుంట పడి, లోపలి నుంచి రన్‌వే వంకరగా కనిపిస్తుంది. అందుకే చుట్టూ వెడల్పుగా, అంచులకు వచ్చేసరికి తేలిగ్గా రుద్దాలి.

అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, అసిటోన్, పెట్రోల్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. యాక్రిలిక్‌లో సన్నని పగుళ్లు పుడతాయి, ఎదురెండలో దారే కనపడదు. లోతైన గీత, పగులు, ప్రెషరైజ్డ్ విమానం (లోపల గాలి ఒత్తిడి పెంచి ఉంచేది) కిటికీ అయితే మీరు చేయి పెట్టకండి. ఎంత మందం మిగిలిందో కొలిచి చెప్పాల్సింది మెయింటెనెన్స్ ఇంజినీరే.