మీటరు 180 అంటోంది, అందులో నీళ్లెంత? తేమ రోజుల్లో గాలిని చదవడం ఎలా

చలికాలం వచ్చిందంటే మా విశాఖలో చాలాసార్లు పొద్దున్నే ఇదే గొడవ. మేడెక్కితే డాల్ఫిన్స్ నోస్ కొండ మాయం, చేతిలో గాలి నాణ్యత చూపే చిన్న మీటరు పీఎం 2.5 (గాలిలోని అతి సన్న రేణువులు) దగ్గర 180, అంటే ఘనపు మీటరు గాలిలో అన్ని మైక్రోగ్రాములని చూపిస్తోంది, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన "పొల్యూషన్ చంపేస్తోంది" అంటే ఇంకొకావిడ "అబ్బే, ఉత్త మంచండీ" అంటుంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, ఎవరిది ఎంతన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

వానాకాలంలో ఉప్పు జాడీ మూత సరిగా పెట్టకపోతే చెమ్మగిల్లి అడుగున నీళ్లు చేరతాయి కదా, గాలిలో రేణువులకూ అదే జరుగుతుంది. తేమ సుమారు 75 శాతం దాటితే సముద్రపు ఉప్పు కరిగి బొట్టైపోతుంది. బొగ్గు, డీజిల్ పొగలోని గంధకానికి గాలిలోని అమోనియా తోడైతే పుట్టే అమోనియం సల్ఫేట్ 80 శాతం దగ్గర కరుగుతుంది. 90 శాతం తేమలో ఆ రేణువు అడ్డకొలత (వ్యాసం) దాదాపు 1.7 రెట్లవుతుంది, అంటే ఘనపరిమాణం ఐదు రెట్లు, పెరిగిందంతా నీళ్లే! ఉబ్బిన రేణువు వెలుతురును ఇంకా ఎక్కువ చెదరగొడుతుంది. చెదిరే వెలుతురు రెట్టింపైతే చూపు ఆనే దూరం సగమవుతుంది, మసి ఒక్క గ్రాము పెరగకపోయినా సరే. మట్టి దుమ్ము, అప్పుడే వచ్చిన మసి మాత్రం నీళ్లను పెద్దగా పట్టుకోవు.

ఇప్పుడు మీటరు సంగతి. లోపల బుల్లి ఫ్యాను, లేజరు, చెదిరిన వెలుతురును పట్టే కన్ను, అంతే. అది దేన్నీ తూచదు. నమ్మకం లేకపోతే ఇడ్లీ పాత్ర మూత తీసి, మీటరును రెండడుగుల దూరంలో, ఆవిరి తగిలేలా ఒక్క నిమిషం పెట్టి చూడండి (మరీ దగ్గర పెడితే తడిసి పాడవుతుంది). అంకె ఎగిరి కూర్చుంటుంది, ఇడ్లీలో పొల్యూషన్ ఎక్కడిది? పెద్ద మానిటరింగ్ స్టేషన్లలో చాలావరకు లోపలికొచ్చే గాలిని కాస్త వేడిచేసి తడి వదిలించాకే కొలుస్తారు, అందుకే మీ అంకెకూ వాళ్ల అంకెకూ పొద్దున్నపూట పొంతన ఉండదు.

అందుకని మొదట మేడ మీద నుంచి మూడు గుర్తులు ఎంచుకోండి, దగ్గరిదొకటి, మధ్యలోదొకటి, దూరందొకటి. ఎంవీపీ కాలనీలో ఉండే నాకు కైలాసగిరి దగ్గరిది, డాల్ఫిన్స్ నోస్ 8 కిలోమీటర్ల పైమాటే. మీవి మ్యాప్‌లో కొలుచుకోండి. రోజూ ఒకే టైముకి ఏది కనబడుతోందో, మీటరు అంకె, తేమ, మూడూ పక్కపక్కన రాసుకోండి. తేమకు వేరే పరికరం లేకపోతే విమానాశ్రయం వాతావరణ రిపోర్టు, మెటార్ అంటారు, ఫోన్‌లోనే దొరుకుతుంది. అందులో 24/22 అని ఉంటే మొదటిది ఉష్ణోగ్రత, రెండోది మంచుబిందు స్థాయి, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. తేడా 2ని 5తో గుణించి 100లోంచి తీసేయండి, తేమ సుమారు 90 శాతం. తేమ బాగా తక్కువున్న రోజు ఈ లెక్క కుదరదు, కానీ అలాంటి రోజు మనకు దీంతో పనే లేదు. అదే రిపోర్టులో బీఆర్ అని ఉంటే తడి మంచు, హెచ్‌జడ్ అంటే పొడి మసక, ఎఫ్‌జీ అంటే చూపు కిలోమీటరు కూడా ఆనని అసలు పొగమంచు.

రెండు వారాలు దగ్గర్లోని స్టేషన్ గంటగంట అంకెతో మీ అంకెను పోల్చండి. తేమ 70 లోపు, 70 నుంచి 85, ఆపైన అని మూడు గడులు గీసి, ఒక్కో గడిలో మీది వాళ్లకన్నా ఎన్ని రెట్లుందో చూసి, అన్నింటితో మీ అంకెను భాగిస్తే మీ మీటరుకు సొంత దిద్దుబాటు వచ్చేస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా ఫార్ములాలు వాళ్ల గాలికి, వాళ్ల మీటర్లకు కట్టినవి, గుడ్డిగా దింపుకోవద్దు. ఇంకో జాగ్రత్త, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో కనిపించేది ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ), మైక్రోగ్రాములు కాదు. మన లెక్కలో పీఎం 2.5 వల్ల ఏక్యూఐ 200 అయిందంటే ఉన్నది 90 మైక్రోగ్రాములు. ఈ రెండూ కలిపేసుకుని కంగారుపడేవాళ్లను బోలెడుమందిని చూశాను.

కొండ వైపు రంగు కూడా చూడండి. చీకటి కొండ ముందు పొర నీలంగానో గోధుమరంగులోనో ఉంటే సన్న రేణువుల పొగ, పాలలా తెల్లగా ఉంటే నీళ్లు బాగా కలిసినట్టు.

అయితే ఈ తెలివి నాకు ఒకసారి బాగానే తిరగబెట్టింది. ఓ భోగి తెల్లవారుజామున మీటరు 300 దాటితే "95 శాతం తేమ ఉంది, సగం నీళ్లేలే" అని ఇంట్లోవాళ్లకు లెక్చరిచ్చి మరీ అమ్మను వాకింగ్‌కి తీసుకెళ్లాను. ఇద్దరం సాయంత్రం దాకా దగ్గాం. 300లో సగం తీసేసినా మిగిలేది 150, రోజు సగటుకు మన దేశం పెట్టుకున్న హద్దు 60. పైగా ఆ వేళ గాలి కదలదు, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది, పొగ నిజంగానే కిందే పేరుకుంటుంది. తేమ అంకెను పెంచిందన్నది నిజమే, కానీ లోపలి మసి ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు నేను చేసేది ఇదీ: పొద్దున అంకె చూసి వెంటనే ఏదీ తేల్చను, పదకొండుకి మళ్లీ చూస్తాను. తేమ 60కి దిగినా అంకె అంతే ఉంటే అది చాలావరకు రేణువులే, కిటికీలు మూయాల్సిందే. కాస్తో కూస్తో నీరు అప్పటికీ ఉంటుంది లెండి, ఒకసారి తడిసిన ఉప్పు రేణువు తేమ 45 దాకా దిగితే గానీ పూర్తిగా ఆరదు, మా ఊళ్లో అంత పొడి గాలి రావడమే గగనం. అమ్మ వాకింగ్ మాత్రం చలికాలమంతా ఎనిమిదిన్నర తర్వాతే.